అనంతలక్ష్మి పెట్టిన కాటుక

తెనాలి బస్టాండులో అనంతలక్ష్మి కనిపిస్తే జనం రెండు రకాలుగా జాగ్రత్తపడేవాళ్ళు. పెళ్ళిచూపులకో, కొత్త బేరానికో బయలుదేరినవాళ్ళు ఆమె బోసి నుదురు చూసి ముఖం పక్కకి తిప్పుకునేవాళ్ళు. పనీపాటా లేని పరాచికాల రాయుళ్ళు మాత్రం రెండు చేతులతో కళ్ళు మూసుకుని, "అమ్మో, కళ్ళ అనంతమ్మగారొస్తున్నారు! నా కళ్ళు నాక్కావాలండీ, ఇంకా బోలెడు సినిమాలు చూడాలి" అని అల్లరి చేసేవాళ్ళు. మొదటి రకం వాళ్ళకి ఆమె తనే దారి ఇచ్చి గోడవారకి ఒదిగి నిలబడేది. రెండో రకం వాళ్ళని మాత్రం వదిలేది కాదు. "సోడాబుడ్డి కళ్ళద్దాలు నువ్వూనూ! నీ కళ్ళు పట్టుకెళ్ళి నేనేం చేసుకోను నాయనా?" అనేది. నిజానికి కళ్ళద్దాలవాళ్ళ కళ్ళూ పనికొస్తాయి. ఆ సంగతి వాడు నవ్వటం అయిపోయాక, బస్సు వచ్చేలోపు, పక్కన కూర్చుని మెల్లగా చెప్పేది.

ఆమె పుట్టిల్లు, అత్తిల్లు రెండూ బాపట్లే. మొగుడు హైస్కూల్లో లెక్కల మేష్టారు. పెద్ద పెద్ద కళ్ళు ఆయనవి. ఆ కళ్ళకి క్లాసులో పిల్లలు హడలిపోయేవాళ్ళట గానీ ఇంట్లో వాటినిండా నవ్వే ఉండేది. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో టైఫాయిడ్ వచ్చి పోయాడు. అప్పటికి అనంతలక్ష్మికి నిండా పాతికేళ్ళు లేవు, పిల్లలూ లేరు. అన్నగారింట్లో కొన్నాళ్ళు వడ్డిస్తూ, కొన్నాళ్ళు వడ్డించుకుంటూ గడిపి, ఇక ఉండబట్టలేక తెనాలి వచ్చి చంద్రశేఖరంగారి కంటి ఆసుపత్రిలో చేరింది. రోగులకి చుక్కల మందు వెయ్యటం, ఆపరేషనైనవాళ్ళు తల కదపకుండా కాపలా కాయటం ఆమె పని.

మా వైపు కుప్పనూర్పిళ్ళు మొదలైతే చాలు, కంటి ఆసుపత్రులకి తీరిక ఉండదు. కంట్లో వడ్లగింజ కొన తగులుతుంది. తగిలినవాడు తిన్నగా డాక్టరు దగ్గరికి వస్తే ఏ గొడవా లేదు. రాడు. ఏదో ఆకుపసరు పోయించుకుంటాడు, పసరు చాలకపోతే చంటిపిల్ల తల్లిని బతిమాలి చనుబాలు పిండించుకుంటాడు. అన్నీ అయ్యాక నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు పూసి, వెలుగు తప్ప ఏమీ తెలియని కంటితో, ఇంకొకరి చెయ్యి పట్టుకుని వస్తాడు. అట్లాంటివాళ్ళకి ఒక్కటే దారి. చనిపోయినవాళ్ళ కంటి మీది పొర తీసి వీళ్ళకి అతికించాలి. చంద్రశేఖరంగారు ఆ పని మద్రాసులో నేర్చుకొచ్చాడు.

ఈ సంగతి మొదటిసారి విన్న రోజున అనంతలక్ష్మి మందుల గదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. "ఆ రోజున నన్నెవరూ అడగలేదండీ. అడిగితే ఇచ్చేదాన్ని. ఆయన కళ్ళు ఈపాటికి ఎవరి ముఖంలోనో ఉండి చూస్తూ ఉండేవి" అంది డాక్టరుగారితో. ఆమెని ఈ పనిలోకి దింపింది ఆ దిగులే. అప్పటినుంచి చావింటికి వెళ్ళి అడిగే పని తనే నెత్తిన వేసుకుంది.

అంతకు ముందు డాక్టరుగారే వెళ్ళేవాడు. అరుగు మీద మగవాళ్ళు పెద్దమనిషి తరహాగా, "తప్పకుండానండి, అంతకంటే పుణ్యం ఏముంటుందండి" అనేవాళ్ళు. లోపల్నుంచి ఒక్క ఏడుపు గట్టిగా వినిపించేసరికి ఆ పుణ్యం కాస్తా అరుగు మీదే ఆగిపోయేది. మాట అరుగు మీద పుడుతుంది గానీ తేలేది లోపలి గదిలోనే అని అనంతలక్ష్మికి తెలుసు. శుభకార్యానికి పనికిరాని మనిషిని చావింటికి రావద్దని ఎవరంటారు? తిన్నగా ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి కూర్చునేది. వాళ్ళతోపాటు ఏడ్చేది. అది దొంగ ఏడుపు కాదు. ఆమెకి ఎవరి చావు చూసినా ఏడుపొచ్చేది. ఫ్యాను ఆపమనేది, తల కింద దిండు ఎత్తు చేసేది, మూసిన రెప్పల మీద తడి దూది ఉంచేది. ఎవరైనా ఎందుకమ్మా అని అడిగితే అప్పుడు చెప్పేది. "అడగటానికే వచ్చానండి. కాదంటే ఇంకాసేపు కూర్చుని ఏడ్చి లేచిపోతాను" అనేది. సగం ఇళ్ళలో కాదనే అనేవాళ్ళు. ఆమె అన్న మాట ప్రకారం ఏడ్చి, చావింట్లో వెళ్ళొస్తానని అనకూడదు కాబట్టి ఏమీ అనకుండా లేచి, రేపల్లె పాసింజరో బాపట్ల బస్సో పట్టుకుని తిరిగొచ్చేది.

తనకి తాను పెట్టుకున్న నియమాలు రెండున్నాయి. లోపలి ఆడవాళ్ళు సరేనన్నాక గానీ, కంటి కోసం ఎదురుచూసే రోగికి కబురు చెయ్యకూడదు. అది మొదటిది. రెండోది, ఆపరేషనైనవాళ్ళకి కట్టు విప్పేటప్పుడు ఆమె ఆ గదిలో ఉండేది కాదు. కొత్త చూపు మొట్టమొదట విధవ ముఖం మీద పడటం ఎందుకని తలుపు వెనక నిలబడి, "కనిపిస్తోంది" అన్న కేక విని, కళ్ళు తుడుచుకుని పనిలోకి పోయేది. డాక్టరుగారు కేకలేసినా ఈ రెండోది మానలేదు. మొదటిది మత్తయి కోసం తప్పింది.

మత్తయి పొన్నూరులో ఒక రైసుమిల్లు కూలీ. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమకన్ను ఎందుకూ పనికిరాకుండా పోయింది. మిల్లులో ఊక పడి, పసరు పోయించుకుని కుడికన్ను పువ్వు పూసింది. ఆ కంటికి మాత్రం ఆశ ఉందన్నాడు డాక్టరు. మిల్లువాళ్ళు దయగలవాళ్ళు, మనిషిని తీసెయ్యకుండా తడుముకుంటూ గోతాలు కుట్టే పనిలో పెట్టారు. భార్య మార్తమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టి, సాయంత్రం మళ్ళీ తీసుకెళ్ళేది. అతన్ని అప్పటికి రెండుసార్లు పిలిచారు. మొదటిసారి బాపట్లలో మనిషి పోతే అరుగు మీద పెద్దలు సరేనన్నారు, లోపల ఒప్పుకోలేదు. అనంతలక్ష్మి మొదటి నియమం ఆ దెబ్బతో పుట్టిందే. రెండోసారి రేపల్లెలో ఆడవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. కానీ చుట్టాలందరికీ కడసారి చూపు దక్కాలని, వచ్చిన ప్రతివాళ్ళకీ రెప్పలెత్తి చూపించి, సాయంత్రం దాకా డాక్టర్ని బయటే కూర్చోబెట్టారు. అప్పటికి ఆ కళ్ళు ఎండిపోయాయి.

రెండోసారి తిరిగి వెళుతూ మత్తయి ఆసుపత్రి మెట్ల మీద ఆగాడు. "అమ్మగారండీ, మీ మీద కోపం లేదండి. ఇంకోసారి పిలిచి లేదంటే మాత్రం ఇక నా జోలికి రామాకండి. ఉన్న చీకటికే అలవాటు పడిపోతానండి" అన్నాడు. మార్తమ్మ చొక్కా ఉతికి, తలకి నూనె రాసి పెళ్ళికొడుకులా తయారుచేసి తీసుకొచ్చిన మనిషిని అలాగే వెనక్కి నడిపించుకుపోయింది. ఆ చొక్కా అనంతలక్ష్మికి చాలా రోజులు కళ్ళలో మెదిలింది.

డెబ్భై మూడు ఎండల్లో అమృతలూరు నుంచి భ్రమరాంబమ్మ అనే పెద్దావిడ శుక్లాల ఆపరేషనుకి వచ్చింది. మంచి భూమీ పుట్రా ఉన్న రైతు కుటుంబం. తోడుగా వచ్చిన కోడలు శివపార్వతి నలభై దాటని మనిషి, గుండెజబ్బు మనిషి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా అత్తగారి సేవలో ఒక్క క్షణం కాలు నిలవదు. ఎప్పుడూ కళ్ళనిండా కాటుకే. ఆముదం దీపపు మసి పట్టి తనే చేసుకునేది. ఆసుపత్రికి కూడా కాటుక భరిణ తెచ్చుకుంది. "కంటి ఆసుపత్రిలో కాటుకేంటమ్మా, డాక్టరుగారు చూస్తే కొడతారు" అని అనంతలక్ష్మి వేళాకోళం చేస్తే, "నా కళ్ళకి జబ్బు లేదుగా అక్కయ్యగారూ, గుండెకేగా" అనేది.

మత్తయి రెండోసారి వచ్చి వెనక్కి పోయింది ఆ రోజుల్లోనే. అతను మెట్లు దిగి వెళ్ళిపోవటం ఆ శివపార్వతి చూసింది. సంగతంతా అడిగి తెలుసుకుంది. ఆ సాయంత్రం అత్తగారి కట్టు మీద చెయ్యి ఆనించి కూర్చుని, "నా గుండె ఎన్నాళ్ళు కొట్టుకుంటుందో నాకు తెలుసు అక్కయ్యగారూ. నేను పోతే నా కళ్ళు మీరు తీసుకోండి. మా ఆయనకి నేను చెప్తాను. కాటుక లేకుండా మాత్రం నన్ను పంపించకండేం" అంది. అనంతలక్ష్మి ఆమె నోరు మూసింది. "ఆ మాటలు నాకొద్దు తల్లీ, నిండు నూరేళ్ళుండు" అంది. కళ్ళు అడగటమే పనైన మనిషికి, అడగకుండా ఇస్తుంటే చేతులు రాలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో ఒక ఉదయం అమృతలూరు నుంచి కారొచ్చింది. శివపార్వతి తెల్లవారుజామున పోయిందనీ, ఆమె మాట ప్రకారం డాక్టర్ని తీసుకుని రమ్మనీ భర్త పూర్ణచంద్రరావు కబురు. అనంతలక్ష్మి కాసేపు కూలబడింది. తర్వాత లేచి, ఆ ఇంటి మనుషులే పిలిచారు గదా, ఇంకా లోపలి మాట దేనికి అనుకుని పొన్నూరు మిల్లుకి ఫోను చేయించింది. మత్తయిని వెంటనే పంపించమంది. డాక్టరు సామాను ఉడికించుకుని వెనక వస్తానన్నాడు. ఆమె అదే కారులో ముందు బయలుదేరింది.

పూర్ణచంద్రరావు వసారాలో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. "మాట ఇచ్చింది కదండీ, తీసుకోండి. నేను మాత్రం చూడలేను" అన్నాడు. ఆమె ఎప్పట్లాగే తిన్నగా లోపలికి నడిచి, గది గుమ్మం దగ్గర ఠక్కున ఆగిపోయింది.

ఎన్ని చావులు చూసిందో, ఇట్లాంటి దానికి మాత్రం ఆమె ఎప్పుడూ రాలేదు. భర్త ఉండగా పోయిన ఆడది పుణ్యస్త్రీ. ముత్తయిదువలు ఆమెకి స్నానం చేయించి, పసుపు రాసి, కుంకం పెట్టి, గాజులు తొడిగి, పువ్వులు ముడిచి, పెళ్ళికూతురిలా సాగనంపుతారు. ఆ పని జరిగే చోటికి విధవ వెళ్ళకూడదు. చావింట్లో ఏ గదిలోకైనా నడిచే అనంతలక్ష్మికి ఆ ఒక్క గదిలో కాలు పెట్టే హక్కు లేదు. ఆ సంగతి ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. తనే వెనక్కి జరిగింది.

పూర్ణచంద్రరావు అక్క సరోజిని చేతులకి పసుపుతో గుమ్మం దాకా వచ్చింది. "మీరెందుకొచ్చారో తెలుసమ్మా. తమ్ముడిది వెర్రితనం. పసుపుకుంకాలతో పోయిన అదృష్టవంతురాలిని గుడ్డిదాన్ని చేసి పంపిస్తామా? కళ్ళు తీసేస్తే కాటుక ఎక్కడ పెట్టమంటారు?" అంది. గొంతు పెద్దదే గానీ అందులో ఏడుపే ఎక్కువ. శివపార్వతి పదహారేళ్ళ పిల్లగా ఆ ఇంటికొచ్చినప్పుడు కాటుక పట్టటం నేర్పింది ఆమే.

"తడి దూదైనా వెయ్యనివ్వండమ్మా" అంది అనంతలక్ష్మి.

"వద్దు" అంది సరోజిని, పసుపు చేతులతోనే తలుపు దగ్గరికి వేస్తూ.

అనంతలక్ష్మి వసారా మెట్టు మీద కూర్చుంది. ఇప్పుడు మత్తయి బస్సులో ఉంటాడు. మార్తమ్మ ఆ చొక్కానే ఉతికి తొడిగి ఉంటుంది. ఈసారి లేదంటే అతను మళ్ళీ రాడు. ఆ మాట అన్నాడు, అన్నంత పనీ చేస్తాడు. తొందరపడి ఫోను చేయించిన తనని తాను తిట్టుకుంది. డాక్టరు కారు వచ్చి వీధిలో ఆగింది. ఆయన దిగి కళ్ళతోనే అడిగాడు. ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది గానీ, దేని కోసం ఆగమంటోందో ఆమెకే తెలియదు.

అప్పుడు వంటింటి వైపు నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. గడప అవతల నేల మీద భ్రమరాంబమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఆవిడా విధవే. కన్నకూతురిలా చూసుకున్న కోడలికి ఇంత పసుపు రాసే వీలు లేక, ఆవిడనీ పక్కన కూర్చోబెట్టారు.

"వచ్చావా అమ్మాయ్! చూశావా, నా బిడ్డని నన్ను ముట్టుకోనివ్వలేదు" అంది భ్రమరాంబమ్మ.

"నన్నూ రానివ్వలేదండి" అంది అనంతలక్ష్మి. ఆపైన ఏమీ అడగలేదు. పక్కన చతికిలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ పూట ఆమె ఏ కన్నూ అడగలేదు. ఇద్దరూ కూర్చుని, ఎవరికి తగ్గ దుఃఖం వాళ్ళు ఏడ్చారు.

కాసేపటికి భ్రమరాంబమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అది నీకు మాట ఇచ్చింది కదూ?"

"ఇచ్చిందండి. సరోజినమ్మగారు ఒప్పుకోవటం లేదు."

పెద్దావిడ గోడ పట్టుకుని లేచింది. అనంతలక్ష్మి మణికట్టు పట్టుకుని బరబరా ఆ గదికి తీసుకుపోయి తలుపు తోసింది. లోపల ముత్తయిదువలు ఉలిక్కిపడ్డారు. ఒకావిడ కుంకంభరిణ మీద కొంగు కప్పింది.

"అమ్మా! నువ్వెందుకు వచ్చావు?" అంది సరోజిని. కాటుక భరిణ మూత అప్పుడే తీసింది.

"అది మాట ఇచ్చిన రోజున నేను పక్క మంచం మీద ఉన్నానే. నా కళ్ళకి కట్టు కట్టారు గానీ చెవులకి కట్టలేదు" అంది భ్రమరాంబమ్మ. "గుడ్డిదాన్ని చేసి పంపుతామా అన్నావు. గుడ్డితనం సంగతి నీకేం తెలుసు? రెండేళ్ళు నేను పడ్డాను. అన్నం కలిపి ముద్ద చేతికిచ్చింది ఇదే. వద్దన్నా వినకుండా నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ ఇదే. అది ఇస్తానన్నది కాదనటానికి నువ్వెవరు, నేనెవరు?"

సరోజిని చేతిలోని భరిణ వంక చూసుకుంది. "మరి కాటుకో అమ్మా? దానికి కాటుకంటే ఎంత ఇష్టమో..."

అనంతలక్ష్మి గుమ్మంలోంచే చెప్పింది. "రెప్పలు అట్లాగే ఉంటాయమ్మా. లోపల దూది పెట్టి మూస్తారు, నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఆ మూసిన రెప్పల అంచున కాటుక పెట్టుకోవచ్చు. కాటుక లేకుండా పంపించొద్దని తను నాతో కూడా చెప్పింది. చూశాక బాగాలేదనిపిస్తే అందరూ కలిసి నన్ను తిట్టండి. పడతాను."

సరోజిని మరదలి... కాదు, తను చెల్లెలనే అనుకున్న ఆ మనిషి ముఖం వంక చాలాసేపు చూసింది. తర్వాత భరిణ మూత పెట్టింది. ముత్తయిదువలు ఒకరి వెనక ఒకరు లేచి బయటికి వచ్చారు. డాక్టరు లోపలికి వెళ్ళాడు.

పని అయ్యాక అందరూ భయపడుతూనే వచ్చి చూశారు. శివపార్వతి మధ్యాహ్నం పూట కాస్త నడుం వాల్చినట్టే ఉంది. సరోజిని ఉంగరం వేలికి కాటుక తీసుకుని వంగింది. రెప్ప దాకా వేలు వెళ్ళింది, అక్కడ ఆగిపోయింది. "నా వల్ల కాదు" అని వెక్కింది. మిగిలినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ ముందుకి రాలేదు.

"నువ్వు పెట్టమ్మా" అంది భ్రమరాంబమ్మ.

"నేనా? నేను పెట్టకూడదండీ" అని అనంతలక్ష్మి రెండడుగులు వెనక్కి వేసింది. మొగుడు పోయాక ఆమె కాటుక ముట్టలేదు.

సరోజినే లేచి వచ్చి భరిణ చేతిలో పెట్టింది. "ఇచ్చింది మీకు కదమ్మా. మీరే పెట్టండి."

అనంతలక్ష్మి శివపార్వతి తల దగ్గర కూర్చుంది. వేలికి కాటుక తీసుకుని, మూసిన రెప్పల అంచున ఇటు కొస నుంచి అటు కొస దాకా, ఎక్కడా చెదరకుండా పెట్టింది. చెయ్యి ఆ పని మర్చిపోలేదు. "బావుంది" అంది భ్రమరాంబమ్మ. నిజంగానే బావుంది. అనంతలక్ష్మి ఎవరికీ ఏమీ చెప్పకుండా లేచి వచ్చేసింది.

ఆసుపత్రిలో మత్తయి బెంచీ మీద బిగుసుకుని కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కాయే. ఆమె అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు. "లేదంటారా అమ్మగారండీ? చెప్పెయ్యండి, పర్లేదు."

"ఉంది నాయనా, ఉంది" అందామె. మార్తమ్మ ఆమె చేతులు పట్టుకుంది. ఆ వేలి మీద కాటుక ఇంకా పోలేదు. ఎక్కడిదని మార్తమ్మ అడగలేదు, ఎవరి కళ్ళో చెప్పటం ఆసుపత్రి పద్ధతీ కాదు. రెండో కన్ను చెరుకుపల్లి నుంచి వచ్చిన ఒక ఆడపిల్లకి పెట్టారు.

కట్టు విప్పే రోజు వచ్చింది. అనంతలక్ష్మి అలవాటు ప్రకారం తలుపు వెనక్కి చేరింది. డాక్టరు దూది తీసి, "మెల్లగా తెరువు మత్తయీ" అన్నాడు. మత్తయి తెరవలేదు.

"ఆయమ్మగారు ఏరండి?"

"ఉన్నారులే, నువ్వు కళ్ళు తెరువు."

"ఎదురుగా ఉన్నారాండి?"

మార్తమ్మ తలుపు వైపు చూసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "తలుపెనకాల నిలబడ్డారయ్యా. ఎప్పుడూ అంతేనంట. ముందు తనని చూడకూడదంట."

"అయితే నేను తెరవను" అన్నాడు మత్తయి, మారాం చేసే చంటిపిల్లాడిలా రెప్పలు గట్టిగా బిగించి. డాక్టరు కంగారుపడ్డాడు. "కన్ను బిగించకురా, కుట్లున్నాయి! అనంతమ్మగారూ, ముందు మీరు ఇటు రండి. ఇది నా ఆర్డరు!"

కుట్ల మాట వినేసరికి ఆమె ఒక్క పరుగున వచ్చి అతని ముందు నిలబడింది. నిలబడ్డాక గానీ ఎక్కడ నిలబడిందో గుర్తు రాలేదు. బస్టాండులో లాగా పక్కకి ఒదుగుదామంటే అటు మంచం, ఇటు మార్తమ్మ.

మత్తయి కన్ను తెరిచాడు. నీళ్ళు కారాయి. ఆగి, మళ్ళీ తెరిచాడు. మంచులోంచి చూసినట్టు తల అటూ ఇటూ తిప్పి, ఆమె ముఖం దొరకపుచ్చుకుని, దాని మీద చూపు నిలిపాడు. ఒక మనిషి ముఖం తిప్పుకోకుండా తన వంక అంతసేపు చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

"గొంతు విని పెద్ద ముసలమ్మగారనుకున్నానండి" అన్నాడు మత్తయి. "మీరు మా అక్కంత కూడా లేరు."

అనంతలక్ష్మికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోబోయి, మానేసింది. అతన్ని చూడనిచ్చింది.